ముల్లును తరిమిన తొందరమ్మ

ఆ ఇంట్లో పొద్దున్నే లేవడానికి ఎవరికీ అలారం అక్కర్లేదు. కోడలు స్నానానికి వెళ్తే చాలు. ముందు "అబ్బా!" అని ఒక కేక వినబడుతుంది. అంటే నీళ్ళు సలసల కాగుతున్నాయన్నమాట. వెంటనే చన్నీళ్ళ కుళాయిని బర్రున తిప్పిన చప్పుడు. కాసేపటికి "అమ్మో!" అని ఇంకో కేక. అంటే ఇప్పుడు నెత్తిన మంచు కురుస్తోంది. మళ్ళీ వేడి కుళాయి, మళ్ళీ "అబ్బా!" ఈ అబ్బా అమ్మోల మధ్య ఆవిడ స్నానం పూర్తయ్యేలోపు మొగుడు లేచి, టీ కాచి, తాగి, గ్లాసు కడిగి బోర్లించేవాడు. వంటింట్లో కూర్చున్న అత్తగారు మాత్రం తలుపుకేసి చూస్తూ రోజూ అదే పాట పాడేది.

"అమ్మాయ్, వేణ్ణీళ్ళు ఆ మూల నుంచి ఈ మూలకి గొట్టంలో నడిచి రావాలే. తిప్పగానే మారవు. తిప్పి కాస్త ఆగు."

"ఆగేలోపు తోలు ఊడొస్తుంది అత్తయ్యా!"

అందుకే ఆవిడకి తొందరమ్మ అని పేరు. పెట్టింది కన్నతండ్రి, ఖాయం చేసింది అత్తగారు. గోడ మీద పటం వెంట్రుకవాసి ఒరిగితే తొందరమ్మ చెయ్యి ఊరుకోదు. కుడికి తోస్తుంది. ఎక్కువైందని ఎడమకి తోస్తుంది. అదీ ఎక్కువైందని మళ్ళీ కుడికి. చివరికి మేకు ఊడి చేతిలోకి వస్తుంది. ఆ గోడల కన్నాలు చూసి కొత్తగా వచ్చిన చుట్టాలు అక్కడేదో తుపాకుల యుద్ధం జరిగిందనుకునేవారు. కూరలో ఉప్పెక్కువైతే నీళ్ళు, నీళ్ళెక్కువైతే ఉప్పు. ఒకసారి ముగ్గురికని పొయ్యి మీద పెట్టిన కూర వీధి వీధంతటికీ పంచినా గిన్నె అడుగు కనబడలేదని అత్తగారు ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతుంది.

అలాంటి మనిషి విమానం నడపాలనుకుంది.

అప్పటికి ఆవిడ విమానాశ్రయంలో కౌంటరు వెనక నిలబడి ప్రయాణికుల పెట్టెలకి చీటీలు అతికించే ఉద్యోగం చేస్తోంది. వెనక పెద్ద అద్దం, అద్దం అవతల విమానాలు. పెట్టె తూచడానికి వంగినప్పుడల్లా ఒక కన్ను అద్దం మీదే. ఒకరోజు ఒక పెద్దమనిషి పెట్టెకి అతికించాల్సిన చీటీని చూసుకోకుండా ఆయన చేతికే అతికించింది. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పి నవ్వుతుంటే అత్తగారు నవ్వలేదు.

"ఎన్నాళ్ళే ఇలా వాళ్ళనీ వీళ్ళనీ ఎక్కించి పంపిస్తావు? నువ్వెళ్ళి ముందు సీట్లో కూర్చోరాదూ!" అంది.

అత్తగారు మాటంటే ఉత్త మాట కాదు. వయసులో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసిన మనిషి. ఒకేసారి పదిమంది చెవిలో అరిచినా ఎవరి తీగ ఎవరికి కలపాలో తొణక్కుండా కలిపిన చెయ్యి అది. కోడలు జంకినప్పుడల్లా వెనక నుంచి నెట్టింది. తొందరమ్మ నేర్చుకుంది. ఎండ కాసే రోజుల్లో చిన్న విమానం దింపడంలో ఆవిడకి వంక పెట్టేవాడు లేడు. కళ్ళెదుట నేల కనబడుతుంటే చాలు, విమానాన్ని చంటిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దింపేది.

చిక్కంతా మబ్బుల్లో వచ్చింది. మందులూ పార్సెళ్ళూ మోసే ఒక చిన్న కంపెనీలో పైలట్ సీటు ఒకటి ఖాళీగా ఉంది. వాన పడినా, మంచు కమ్మినా మందులు చేరాల్సిందే కాబట్టి, బయట ఏమీ కనబడనప్పుడు ఉత్త డయళ్ళు చూసి దింపే పరీక్ష నెగ్గినవాళ్ళకే ఆ సీటు. తొందరమ్మ ఆ పరీక్ష అప్పటికే తప్పింది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఇంకొక్కసారి తప్పితే సీటు వేరేవాళ్ళకి, తొందరమ్మ మళ్ళీ కౌంటరుకి.

మబ్బుల్లో దారి చూపించేది ఒక చిన్న డయల్. అందులో రెండు ముళ్ళు. నిలువు ముల్లు రన్‌వే మనకి కుడి పక్కనుందా ఎడమ పక్కనుందా చెబుతుంది. అడ్డం ముల్లు పైనున్నామా కిందున్నామా చెబుతుంది. రెండూ నడిమధ్యకి వచ్చి కూడలిలా నిలబడితే, నేల కనబడకపోయినా మనం సరైన దారిలో ఉన్నట్టే. ఆ దారి రన్‌వే దగ్గర నుంచి టార్చిలైటు వెలుగులా విచ్చుకుని వస్తుంది. దూరంలో పొలమంత వెడల్పు, దగ్గరకొచ్చేసరికి గుమ్మమంత. అందుకని దూరంలో బద్ధకంగా ఉండే ముల్లు, నేల దగ్గరయ్యేకొద్దీ చీమ కుట్టినదానిలా ఎగిరిపడుతుంది. చాలామంది పైలట్లకి చెమట పట్టేది అక్కడే. తొందరమ్మకి మాత్రం మొదటి నుంచే పట్టేది. ముల్లు గోరంత కదిలితే విమానాన్ని గజమంత తిప్పేది. అది అటు నుంచి ఇటు రాగానే ఇంకో గజం. నేల చేరేసరికి ఆవిడ దారి పాము పాకిన జాడలా ఉండేది.

పరీక్ష పెట్టే అధికారి మీసాల కెప్టెన్. ఆయన మీసాలు ఎంత గుబురువంటే, ఆయన నవ్వుతున్నాడో కోప్పడుతున్నాడో తెలియాలంటే పక్కకెళ్ళి చెంప చూడాలి. రెండోసారి తప్పించినప్పుడు ఆయన అన్నాడు:

"అమ్మా, మీరు విమానం నడపడం లేదు. దాని వెంటపడి తరుముతున్నారు. వెనకున్న పార్సెళ్ళకి కూడా వాంతులయ్యేట్టున్నాయి."

తొందరమ్మ మొగుడు ఆ శిక్షణ కేంద్రంలోనే సిమ్యులేటరు మెకానిక్కు. సిమ్యులేటరంటే రెక్కల్లేని, తోకలేని, ముక్కు మాత్రమే ఉన్న విమానం. ఒక పెద్ద గదిలో ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. లోపల అసలు విమానంలో ఉన్న డయళ్ళన్నీ ఉంటాయి, అద్దం మీద బొమ్మ మబ్బులు కదులుతుంటాయి. గదంతా వేడెక్కిన తీగల వాసన, మూలన కొట్టుకునే ఫ్యాను. పక్కనే తాళం వేసిన ఇనుప బీరువా. ఆ తాళంచెవి మొగుడి మెళ్ళో గొలుసుకి వేలాడుతుంది. పెళ్ళాం ఎంత తొందరో అతనంత నిదానం. తోటివాళ్ళు నిదానం అనే పిలుస్తారు. చెప్పుల్లో కాలు పెట్టేముందు కూడా ఏ కాలు అని ఒక క్షణం ఆలోచించే రకం.

ఆఖరి పరీక్ష దగ్గరపడుతుండగా ఒక విచిత్రం జరిగింది. సిమ్యులేటర్లో తొందరమ్మకి ముల్లు లొంగిపోయింది! నిన్నటిదాకా గిజగిజలాడిన ముల్లు ఇవాళ పెంపుడు పిల్లిలా మధ్యలో ముడుచుకుని కూర్చుంది. కాస్త పక్కకి ఒరిగినా, నిద్రలో ఒత్తిగిల్లినట్టు ఒరుగుతుంది, అంతే. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తొందరమ్మ ఇంట్లో కాలు నేల మీద ఆనకుండా తిరిగింది.

"అత్తయ్యా, వచ్చేసింది! కిటుకు పట్టేశాను!"

"ఏమిటే ఆ కిటుకు?"

"అది మాత్రం తెలియలేదు. కానీ వచ్చేసింది!"

అత్తగారు ఆనందంతో తీపి చేసింది. కొడుకు మాత్రం ఆ తీపిని నోట్లో పెట్టుకుని మింగలేక, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. అతను దాచే విషయం ఏదైనా ఉంటే కళ్ళజోడు తుడుస్తాడు. ఆ వారం ఎంత తుడిచాడంటే, అద్దాలు అరిగి పవరు మారిపోయి ఉండాలి.

పరీక్ష రేపనగా, ఆఖరి సాధనకి తొందరమ్మ ధీమాగా వచ్చి కూర్చుంది. "మబ్బులు బాగా కిందికి దింపండి. రేపు వానట" అంది. మొగుడు దింపాడు. అంతకుముందు మబ్బులు పైనే చిరిగేవి, రన్‌వే చూసుకుని సర్దుకునేది. అద్దం తెల్లగా అయిపోయింది. ముల్లు మధ్యలో కునుకు తీస్తోంది. మధ్యకి రవ్వంత ఎడమగా ఉంది, రవ్వంతే కదా అని ఊరుకుంది. కిందికి, ఇంకా కిందికి వచ్చింది. మబ్బు చిరిగింది. ముక్కు కింద రన్‌వే ఉండాలి.

గడ్డి ఉంది.

రన్‌వే ఎక్కడో ఎడమపక్క, పక్కింటి పెరట్లో ఉన్నంత దూరంలో ఉంది. విమానం ముక్కు దడదడలాడింది, ఎర్ర దీపం వెలిగింది, సిమ్యులేటరు ఒక్క కుదుపుతో ఆగింది.

తొందరమ్మ వెంటనే కదల్లేదు. బహుశా జీవితంలో మొదటిసారి. ముల్లు వంకే చూస్తూ కూర్చుంది. అది ఇంకా మధ్యకి దగ్గరలోనే అమాయకంగా నిలబడి ఉంది. రవ్వంత పక్కకుంటే ఇంత దూరం ఎలా వస్తుంది?

"ఏవండీ."

"ఊఁ."

"ముల్లుకేం చేశారు?"

"ఏ ముల్లు?"

"పెట్టెలు తూచే యంత్రం ముల్లు! ఏ ముల్లేమిటి? ఇటు చూడండి. ఆ కళ్ళజోడు కింద పెట్టండి ముందు."

అతను కళ్ళజోడు పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"కాస్త... తగ్గించాను."

"ఏం తగ్గించారు?"

"దాని చురుకు. బీరువాలో ఒక మీట ఉంటుంది. ఎంత పక్కకి పోతే ముల్లు ఎంత కదలాలో దాంతో మారుతుంది. సగానికి తగ్గించాను."

"అంటే నేను రెండు గజాలు పక్కకి పోతే ముల్లు ఒక్క గజమే అని చెబుతోందా! నేను గాల్లో తేలుతున్నదంతా దీని మీదా?"

"నువ్వు ఆ ముల్లుతో కుస్తీ పడుతుంటే చూడలేకపోయానే. ముల్లు నెమ్మదిస్తే నువ్వూ నెమ్మదిస్తావనుకున్నా. ధైర్యం వచ్చాక కొంచెం కొంచెంగా పెంచుదామనుకున్నా. రోజూ నవ్వుకుంటూ దిగేదానివి, పెంచడానికి చెయ్యి రాలేదు."

"మరి రేపు ఆకాశంలో ఎవరు తగ్గిస్తారండీ? రెక్క మీద కూర్చుంటారా మీరు?"

సరిగ్గా అప్పుడే అత్తగారు మధ్యాహ్నం భోజనం క్యారియరు పట్టుకుని లోపలికొచ్చింది. కోడలి గొంతు గేటు దగ్గరికే వినబడిందట. జరిగింది రెండు మాటల్లో విని కొడుకు నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది.

"ఒరేయ్, పెళ్ళాం మీద ప్రేమ పొంగితే చెప్పులు కొనిపెట్టాలి. యంత్రాలు చెడగొడతావా?"

తొందరమ్మకి ఏడుపు రావాలి. వచ్చింది కూడా. కానీ ఏడుపు సగంలో ఉండగానే కళ్ళలో ఏదో మెరిసింది.

"మీట మామూలుకి తెండి."

తెచ్చాడు. ముల్లు ప్రాణం లేచొచ్చినట్టు కదిలింది. తొందరమ్మ వెంటపడింది. పాము జాడే.

"ఇప్పుడు పెంచండి."

"ఇంకానా?"

"ఎంతుంటే అంత!"

మీట చివరిదాకా తిప్పాడు. ముల్లు పిచ్చెక్కిపోయింది. ఊపిరి గట్టిగా పీలిస్తే ఈ గోడకి, వదిలితే ఆ గోడకి. వెనకనున్న అత్తగారు తుమ్మితే విమానం పక్క జిల్లాలో తేలిందని ఆ తర్వాత ఆ ఇంట్లో చెప్పుకునేవారు. కొంచెం పెంచి చెప్పుకునేవారేమో, కానీ తుమ్మిన మాట నిజం. ముగ్గురూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే తొందరమ్మ అరిచింది.

"మళ్ళీ సగం చేయండి! త్వరగా!"

సగం చేశాడు. తొందరమ్మ చేతులు వెంటనే నెమ్మదించాయి. ఆవిడ తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"చూశారా! చేతులు అవే, విమానం అదే. ముల్లు గింజుకుంటే నేనూ గింజుకుంటున్నాను. అది కునికితే నా చేతులు కుదురుగానే ఉంటున్నాయి. అంటే కుదురు నాకు వచ్చు! కాకపోతే ఈ బద్ధకపు ముల్లు తీయగా మాట్లాడుతూ గడ్డిలోకి తీసుకుపోతుంది. చురుకైనది నిజం చెబుతుంది, కానీ గొంతు చించుకుని చెబుతుంది. అది అరిచినా నేను అరవకుండా ఉండాలి. అదెలా?"

ఆ ప్రశ్న అడిగింది మొగుణ్ణి. జవాబిచ్చింది అత్తగారు.

"ఎక్స్ఛేంజీలో మాకు రోజూ అదే పని. అవతలివాడు అరుస్తాడు. వాడితో పాటు అరిచి ఉన్న తీగలన్నీ పీకితే ఊరంతా మూగబోతుంది. వినాలి. ఒక్క తీగ పెట్టాలి. పెట్టి, గంట మోగేదాకా ఆగాలి. మోగకపోతే అప్పుడు ఇంకో తీగ."

నిదానం మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "అమ్మ చెప్పింది నిజమే. ముల్లు పక్కకి పోతే విమానం ముక్కుని ఆ వైపుకే, దిక్సూచి మీద ఒక చిన్న గీతంత తిప్పి అక్కడే పట్టుకో. ముల్లు ఎక్కడుందని చూడకు. తిరిగి రావడం మొదలెట్టిందా, అది మాత్రం చూడు. రావడం మొదలెడితే ఇంకేమీ చేయకు. అదే వస్తుంది."

"కుళాయి!" అంది తొందరమ్మ, కూర్చున్నచోటే ఎగిరిపడి. "అచ్చం కుళాయి! వేణ్ణీళ్ళు గొట్టంలో నడిచి రావాలి!"

"పెళ్ళైనప్పట్నుంచీ అదే కదే నేను మొత్తుకుంటున్నది!"

మీట మామూలుకి వచ్చింది. అత్తగారు కోడలి కుర్చీ వెనక నిలబడి, కోడలి మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించింది. "ఒక్కసారి తిప్పు. నేను సరే అనేదాకా మళ్ళీ కదిపావో, మొట్టికాయ." ముల్లు కుడికి పోయింది. తొందరమ్మ చిన్న గీత తిప్పింది. ముల్లు ఇంకా పోతూనే ఉంది. వేళ్ళ కింద నరం ఎగిరెగిరి పడుతోంది. "అత్తయ్యా, పోతోంది!" "పోనీ." "అత్తయ్యా!" "గొట్టంలో నీళ్ళు నడిచొస్తున్నాయనుకో." అంతలో ముల్లు ఆగింది. ఒక క్షణం ఆలోచించింది. తిరిగి నడుచుకుంటూ ఇంటికి రావడం మొదలెట్టింది!

తొందరమ్మ వేసిన కేకకి కేంద్రంలో మూడో గదిలో పాఠం చెబుతున్న మాస్టారు పరుగున వచ్చాడు. క్యారియరులో అన్నం చల్లారిపోయింది. ఎవరికీ ఆకలి గుర్తులేదు. మొట్టికాయలు పడ్డాయి, తగ్గాయి, చివరికి అత్తగారు వేళ్ళు తీసేసి చేతులు కట్టుకుని నిలబడింది.

మర్నాడు ఆకాశం నేలకి ఆనుకుని ఉంది. సన్నగా వాన. విమానం రెక్క కింద మీసాల కెప్టెన్ రెయిన్‌కోటులో నిలబడ్డాడు. ఎక్కబోతూ తొందరమ్మ ఆగింది.

"సార్, ఒక మాట. ఈ వారం సిమ్యులేటర్లో నేను బాగా చేసినవి లెక్కలోకి తీసుకోకండి. ముల్లు చురుకు సగానికి తగ్గించి ఉంది. మా ఆయన తగ్గించారు. నిన్నే తెలిసింది."

మీసాలు కదల్లేదు. తొందరమ్మ పక్కకి వంగి చెంప చూడబోయి, బాగుండదని మానుకుంది. కౌంటరు, చీటీలు, అద్దం, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి.

"మీ ఆయన సంగతి నేను తర్వాత చూస్తాను" అన్నాడు కెప్టెన్. "అమ్మా, ఈ విమానంలో ఆ మీట మీ ఆయన దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. ఎక్కండి."

ఎక్కారు. లేచారు. మబ్బులో దూరారు. అద్దానికి అవతల పాలు తప్ప ఏమీ లేదు. మలుపు తిరిగి రన్‌వే దారి పట్టుకునేసరికి నిలువు ముల్లు నిద్రలేచింది. ఎడమకి జరిగింది. తొందరమ్మ చెయ్యి ఉరకబోయింది. మణికట్టు మీద రెండు వేళ్ళున్నట్టే అనిపించింది. ఒక గీత. అక్కడే పట్టుకుంది. ముల్లు పోతోంది. పోనీ. ఇంకా పోతోంది. గొట్టంలో నీళ్ళు నడుస్తున్నాయి. ముల్లు ఆగింది. తిరిగింది. వస్తోంది! తొందరమ్మ గుండె కొట్టుకునే చప్పుడు ఇంజన్ చప్పుడుని మించిపోయింది, కానీ చెయ్యి మాత్రం బల్ల మీద పెట్టిన గ్లాసులా ఉంది. పక్కన లవంగం నములుతున్న కెప్టెన్ నమలడం మానేశాడు.

నేల దగ్గరవుతోంది. దారి గుమ్మమంత అయింది. ఇప్పుడు ముల్లుకి చీమ కుట్టే వేళ. సరిగ్గా అప్పుడే పక్కగాలి ఒక్క తోపు తోసింది. ముల్లు ఎగిరి సగం దాకా పోయింది. పాత తొందరమ్మయితే విమానాన్ని బొంగరం చేసేది. కొత్త తొందరమ్మ అర గీత తిప్పింది. దగ్గరలో అర గీతే చాలు. తిప్పి, పళ్ళు బిగబట్టి ఆగింది. ఆ ఆగడం ఎంతసేపంటే, ఆ మధ్యలో ఒక కూర వండి, ఉప్పు చూసి, సరిపోయిందని దింపేయొచ్చు. ముల్లు వణికింది. నిలబడింది. బుద్ధిగా మధ్యకి వచ్చి కూర్చుంది.

మబ్బు చిరిగింది.

ముక్కు కింద, నడిమధ్యలో, తడిసి నల్లగా మెరుస్తూ రన్‌వే! రెండు వైపులా దీపాలు పెళ్ళివారిలా వరసగా నిలబడి ఉన్నాయి. తొందరమ్మ చంటిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దింపింది. చక్రాలు తెల్ల గీత మీదే నడిచాయి.

విమానం ఆగింది. ఈసారి తొందరమ్మ ఊరుకోలేదు, సిగ్గు విడిచి పక్కకి వంగి ఆయన చెంప చూసింది. సొట్ట పడి ఉంది.

"పార్సెళ్ళకి నిద్ర పట్టేసి ఉంటుందమ్మా" అన్నాడాయన. "సీటు మీదే."

గోడ దగ్గర ఒకే గొడుగు కింద నిలబడ్డ తల్లీకొడుకుల దగ్గరికి తొందరమ్మ వానలో పరుగెత్తింది. చెప్పాల్సిన మాట నోట్లోంచి రాకముందే అత్తగారికి తెలిసిపోయింది. గొడుగు గాల్లోకి ఎగిరింది. ముగ్గురూ తడిసి ముద్దయ్యారు. కెప్టెన్ మాత్రం మాట తప్పలేదు. సిమ్యులేటరు బీరువా తాళంచెవిని నిదానం మెళ్ళోంచి తీయించి తన బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ తాళంచెవి కావాలంటే నిదానం వెళ్ళి ఎందుకో చెప్పి, చీవాట్లు తిని, తెచ్చుకోవాలి.

కొత్త ఉద్యోగంలో చేరే రోజు పొద్దున తొందరమ్మ స్నానానికి వెళ్ళింది. వంటింట్లో అత్తగారు చెవి ఒగ్గి కూర్చుంది. అబ్బా లేదు. అమ్మో లేదు. చాలాసేపు చూసి, కంగారుపడి తలుపు బాదింది.

"అమ్మాయ్! లోపలున్నావా, కిటికీలోంచి ఎగిరిపోయావా?"

"ఆగుతున్నా అత్తయ్యా!"

కేకలు లేకపోయేసరికి నిదానానికి మెలకువ రాలేదు. ఆవిడ మొదటి పార్సెళ్ళు అవతలి ఊళ్ళో దింపే వేళకి అతనింకా ముసుగు తన్ని పడుకునే ఉన్నాడు. ఆ సాయంత్రమే అత్తగారు వెళ్ళి ఆ ఇంటికి మొదటిసారిగా ఒక అలారం గడియారం కొనుక్కొచ్చింది.